బ్యాటరీకి పట్టింపు లేదు, గుండెకే

(కర్నూలులో పేస్‌మేకర్, గుండెకు షాక్ ఇచ్చే ఐసీడీ అమర్చుకున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కలుసుకున్న సమావేశంలో ఒక గుండె వైద్యుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఎండెక్కకముందే మొదలుపెట్టాలనుకున్నాం. ఆదోని, ఎమ్మిగనూరు బస్సులు వచ్చేసరికి ఈ వేళయింది. పెద్దవాళ్లను ఫ్యాన్ల కిందికి రానివ్వండి, కుర్రాళ్లు కొంచెం అటు జరగండి.

లోపలికి వచ్చేటప్పుడు తలా ఒక చీటీ ఇచ్చి, పేరు లేకుండా అడగాలనుకున్నది రాయమన్నాం. ఇప్పుడే అన్నీ తిరగేశాను. సెల్‌ఫోన్ గురించి అడిగినవాళ్లున్నారు. షర్టు ఎడమ జేబులో పెట్టొద్దు, కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి, మిషన్‌కు జానెడు దూరం ఉంటే చాలు. ఇండక్షన్ స్టవ్ దగ్గరైతే రెండడుగులు ఎడంగా ఉండండి. వీటికి ఉపన్యాసం అక్కర్లేదు. మిగతా చీటీల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న: సార్, బ్యాటరీ పెట్టించుకున్నాక మందు తాగొచ్చా? ఒకాయన ‘అప్పుడప్పుడు, కొంచెం’ అని రాసి, ‘కొంచెం’ కింద రెండు గీతలు కూడా కొట్టాడు. (నవ్వులు)

ఓపీలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. పక్కన భార్య ఉంటుంది, లేకపోతే కొడుకో కోడలో ఉంటారు. ఇంటివాళ్లు బయటికి నడిచాక చెప్పులు మర్చిపోయినట్టు వెనక్కి వచ్చి, గుసగుసగా అడిగి పోతారు. అట్లా తలుపు దగ్గర నిలబడి చెప్పే సమాధానం కాదిది. అందుకే ఈరోజు దీని గురించే మాట్లాడతాను.

మద్యనిషేధ ప్రచారానికి మాత్రం రాలేదు. మన రాష్ట్రంలో 1995లో నిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఆ కథ ఇక్కడున్న పెద్దలకు నాకంటే బాగా తెలుసు. తాగే మనిషి చెడ్డవాడని కూడా నేననను. మీ గుండె దేన్ని తట్టుకోగలదు, దేన్ని తట్టుకోలేదు అన్నంతవరకే నా మాట.

ముందు మిషన్ సంగతి తేల్చేద్దాం. పేస్‌మేకర్ అంటే గట్టిగా సీలు చేసిన టైటానియం డబ్బా. బరువు పాతిక ముప్పై గ్రాములు. మామూలుగా ఎడమ వైపు కాలర్ బోన్ కింద, చర్మం లోపల ఉంటుంది. అక్కణ్ణుంచి ఒకటో రెండో వైర్లు రక్తనాళం గుండా గుండెలోకి వెళ్తాయి. మీరు తాగిన మందు రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది గానీ ఆ డబ్బా లోపలికి పోదు. బ్యాటరీ త్వరగా అయిపోదు, సెట్టింగులు మారవు, వైరు పాడవదు. ‘సీసా మూత తీస్తే మిషన్ ఆగిపోతుంది’ అని ఎవరో భయపెట్టారని ఒక చీటీలో ఉంది. అట్లాంటిదేమీ లేదు.

ఈ మాట వినగానే కొన్ని ముఖాలు వెలిగాయి, చూశాను. ఆగండి. మీ పొలంలో బోరు మోటారుకు ఆటో స్టార్టర్ ఉంటుంది కదా. కరెంటు రాగానే మోటారును తిప్పుతుంది. దాని పని అంతవరకే. బోరులో నీళ్లున్నాయా, మోటారు వైండింగ్ బాగుందా అన్నది దానికి తెలియదు. పేస్‌మేకర్ కూడా అంతే, గుండెకు కొట్టుకోమని సంకేతం ఇస్తుంది. గుండె కండ బాగుందా, బీపీ ఎంతుంది, రక్తం పలుచగా ఉందా గడ్డకడుతోందా, వీటితో దానికి సంబంధం లేదు. మందుకు సంబంధం ఉన్నది వీటితోనే.

ఉదాహరణకు బీపీ. మనలో చాలామందికి పేస్‌మేకర్ పెట్టింది ఎందుకు? గుండె నిదానంగా కొట్టుకుని, కళ్లు తిరిగి పడిపోతున్నారని. మిషన్ పెట్టాక గుండె నిమిషానికి 60 సార్లకు తగ్గకుండా చూస్తుంది, అది మామూలుగా పెట్టే సెట్టింగు. మందు తాగితే రక్తనాళాలు వదులై బీపీ పడుతుంది. దానికి తోడు మాటిమాటికీ మూత్రానికి పోవడం. అందులోనూ మన కర్నూలు ఎండాకాలం, 42, 43 డిగ్రీలు. పొద్దంతా చెమట పట్టి, సాయంత్రం నీళ్లు తాగకుండా సీసా ముందు కూర్చున్న మనిషి లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. మిషన్ 60 సార్లు కొట్టిస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం కింద పడతాడు. బీపీ మాత్రలు, ఛాతీ నొప్పికి ఇచ్చే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లకు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

ఇక్కడ ఇంటివాళ్లకు ఒక మాట, ఈరోజు నేను చెప్పేవాటిలో ఇదే ముఖ్యం అనుకోండి. మిషన్ ఉన్న మనిషి పడిపోతే, నోటి నుంచి వాసన వచ్చినా సరే, ‘తాగి పడ్డాడులే, తెల్లారితే లేస్తాడు’ అని దుప్పటి కప్పి వదిలేయొద్దు. తాగినవాడికి కూడా గుండె లయ తప్పుతుంది. తలకు దెబ్బ తగిలి లోపల రక్తం కారుతుండొచ్చు. పిలిస్తే పలుకుతున్నాడా, ఊపిరి సరిగ్గా ఉందా చూడండి. తేడా అనిపిస్తే 108కి ఫోన్ చేయండి. గుండెలో మిషన్ ఉందని ఫోన్‌లోనే చెప్పండి, మిషన్ కార్డు చేతికివ్వండి. కొత్తగా పెట్టించుకున్నవాళ్లు తాగి పడితే ఇంకో ప్రమాదం. మొదటి నెలా, నెలన్నరలో వైరు కొస గుండె కండలో ఇంకా గట్టిగా కుదురుకుని ఉండదు. పడేటప్పుడు చెయ్యి విసురుగా పైకి లేచిందా, వైరు జరగొచ్చు. గాయం దగ్గర రక్తం గూడుకట్టి వాపు రావొచ్చు. అందుకే గాయం మానేదాకా, యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రలు నడిచేదాకా, చుక్క కూడా వద్దు. దీనిలో బేరం లేదు.

ఇప్పుడు లయ తప్పడం గురించి. గుండె పై గదులు క్రమంగా ముడుచుకోవడం మానేసి వణికిపోయే జబ్బు ఒకటుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. మనవాళ్లు ‘దడ’ అంటారు, కొందరికి ఆ దడ కూడా తెలియదు. పై గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. మందుకూ దీనికీ ఉన్న చుట్టరికం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. సెలవు రోజుల్లో బాగా తాగి, ఆ తర్వాత గుండెదడతో ఆసుపత్రికి వచ్చేవాళ్లను చూసి 1978లోనే అమెరికా వైద్యులు దానికి ‘హాలిడే హార్ట్’ అని పేరు పెట్టారు. 2021లో అక్కడే ఇంకో పరిశోధన అచ్చయింది. ఈ దడ వచ్చి పోతూ ఉండే 100 మందికి ఛాతీ మీద ఈసీజీ మానిటరు, చీలమండకు మందు తాగితే పసిగట్టే పరికరం కట్టి నాలుగు వారాలు చూశారు. ఒక్క డ్రింక్ తాగినా తర్వాతి నాలుగు గంటల్లో దడ వచ్చే అవకాశం రెండింతలు, రెండు అంతకు మించితే మూడింతలు. 2020లో ఆస్ట్రేలియావాళ్లు ఇదే జబ్బున్న 140 మంది తాగేవాళ్లను తీసుకుని, సగం మందిని మానమన్నారు, సగం మందిని మామూలుగానే ఉండమన్నారు. ఆరు నెలల్లో, తాగుతూ ఉన్నవాళ్లలో 73 శాతం మందికి దడ తిరగబెట్టింది, మానమన్నవాళ్లలో 53 శాతం మందికి. మానితే జబ్బే పోతుందని కాదు, తేడా మాత్రం గట్టిగానే ఉంది.

మీలో కొందరు చెకింగ్‌కు వచ్చినప్పుడు ‘మానేశాను సార్’ అంటారు. నేను వాదించను. ఒకాయన ఒప్పుకున్నాడు కాబట్టి ఆయన సంగతి చెప్తున్నా, ఊరు మారుస్తున్నా. ఆదోని వైపు, పత్తి వ్యాపారం అనుకోండి. ఆయనది రెండు వైర్ల పేస్‌మేకర్. పై గదిలో ఉన్న వైరు అక్కడ లయ తప్పితే ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎంతసేపు అని మిషన్‌లో రాసి పెట్టుకుంటుంది. ఛాతీ మీద ప్రోగ్రామర్ వాండ్, అంటే మిషన్‌ను చదివే పరికరం, పెట్టగానే ఆ చిట్టా తెర మీదికి వచ్చింది. అన్నీ రాత్రి పదకొండు దాటాక, తెల్లవారుజాము లోపల. తేదీలను గోడమీద క్యాలెండర్‌తో సరిచూస్తే ఒక్కటి తప్ప అన్నీ శనివారం రాత్రులే. ఆ ఒక్కటి ఉగాది మర్నాడు, వాళ్ల వీధిలో ఇంటింటా మటన్ ఉడికిన రోజు. తెర ఆయన వైపు తిప్పి ఊరుకున్నాను. కాసేపు చూసి, ‘సార్, ఇది తాగిన సంగతి కూడా రాస్తుందా?’ అన్నాడు. (నవ్వులు) రాయదన్నా, మందు సంగతి దానికి తెలియదు, గుండె తప్పిన వేళ మాత్రమే రాస్తుంది అన్నాను. ఆయనకు పక్షవాతం రాకుండా రక్తం పలుచబడే మాత్ర మొదలుపెట్టాల్సి వచ్చింది. శనివారాలు ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. చిట్టాలో గీతలు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

కాబట్టి ఈ దడ ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా ఉంటుంది: మానేయండి.

ఐసీడీ పెట్టుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి. పేస్‌మేకర్ నిదానంగా కొట్టుకునే గుండెను తోలుతుంది. ఐసీడీ ప్రాణం తీసే వేగంతో కొట్టుకునే గుండెను షాక్ ఇచ్చి దారికి తెస్తుంది. 1980లో మొదటిసారి మనిషికి పెట్టారు. ఆ షాక్ తిన్న ఒకాయన, ఎవరో ఛాతీ మీద గుద్దారనుకుని చుట్టూ చూశానన్నాడు. తాగి రక్తంలో పొటాషియం, మెగ్నీషియం పడిపోతే గుండె కింది గదులు చిరాకు పడతాయి, షాక్ పడే పరిస్థితి వస్తుంది. లాసిక్స్ లాంటి నీటి మాత్రలు వాడేవాళ్లకు అవి ముందే తక్కువగా ఉంటాయి. కొన్నిసార్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వేగం చూసి మిషన్ పొరబడి, అక్కర్లేని షాక్ కూడా ఇస్తుంది, మీరు పూర్తి స్పృహలో ఉండగానే. ఒక్క షాక్ పడి, తర్వాత మామూలుగా ఉంటే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. రెండు పడినా, ఒక్కటే పడి ఒంట్లో బాగా లేకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి రండి. తాగి ఉన్నాం, తిడతారు అని ఇంట్లో కూర్చోవద్దు. తిడితే తిట్టించుకోండి, ప్రాణం ముఖ్యం.

ఐసీడీ గానీ, గుండె రెండు వైపులనూ కలిపి కొట్టించే మూడు వైర్ల సీఆర్‌టీ మిషన్ గానీ పెట్టించుకున్నవాళ్లలో ఎక్కువమందికి గుండె పంపింగ్ తక్కువ. పంపింగ్ అంటే గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే వంతు. 55 శాతం దాటి ఉండాల్సింది 35, అంతకంటే తక్కువకు దిగి ఉంటుంది. ఎందుకు దిగింది? కొందరికి హార్ట్ ఎటాక్ వల్ల. కొందరికి ఏళ్ల తరబడి తాగడం వల్లే గుండె కండ సాగి, ఉబ్బి, బలం పోయి ఉంటుంది. ఈ రెండో రకం వాళ్లకు మితం అనే మాటే వర్తించదు. సున్నా. కానీ వీళ్లలోనే నాకు ఆశ కూడా ఎక్కువ. ఎటాక్‌లో చచ్చిపోయిన కండ తిరిగి రాదు, మందు వల్ల నీరసించిన కండ మానేస్తే చాలామందిలో కోలుకుంటుంది. ఇట్లాంటి బలహీన గుండెకు ఐసీడీ పెట్టేముందు కనీసం మూడు నెలలు మాత్రలు వాడించి చూస్తాం. ఆ మూడు నెలల్లో నిజంగా మానేసినవాళ్లలో కొందరికి పంపింగ్ పెరిగి ఐసీడీ అవసరమే లేకుండా పోతుంది. లక్షల ఖర్చు, ఒక కోత తప్పుతాయి. ఇంకో సంగతి, వీళ్లకు మందుతో పాటు మంచింగ్ కూడా శత్రువే. కారప్పూస, చిప్స్, ఉప్పు శనగలు, ఊరగాయ ముక్క. ఆ ఉప్పుకు ఒంట్లో నీరు చేరి, రెండు రోజుల్లో కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం వచ్చి మళ్లీ మా దగ్గరికే వస్తారు.

సరే, ఇక మిగిలింది ఎవరు? కరెంటు దారిలో మాత్రమే లోపం ఉండి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు. పంపింగ్ బాగుంది, దడ లేదు, రక్తం పలుచబడే మాత్రలు లేవు, లివరు బాగుంది, గాయం మానిపోయింది. వీళ్లు నన్ను అడిగితే, ఎప్పుడైనా ఒకసారి, కడుపు నిండా తిన్నాక, చిన్న పెగ్గు ఒకటి, మహా అయితే రెండు తాగితే మిషన్ పెట్టుకోని మనిషి కంటే మీకు ప్రత్యేకంగా వచ్చే ముప్పేమీ లేదంటాను. గీతలు కొట్టిన ఆయన ఎవరో గానీ, ఇదీ మీ సమాధానం.

కాకపోతే ఆ ‘కొంచెం’ లెక్క తేలాలి. మన విస్కీ, బ్రాందీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో 10 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. వైద్యులు ఒక డ్రింక్ అంటే దాదాపు ఇదే. క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, అంటే ఆరు డ్రింకులు, 60 గ్రాములు. మన దగ్గర ‘ఒక్క క్వార్టరే సార్, దానికి మించను’ అనేవాడు పద్ధతిగల మనిషి కింద లెక్క. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయల క్వార్టర్ వచ్చాక కొలత ఇంకా సులువైంది, మూత తీస్తే అయిపోయేదాకా. ఇంగ్లండ్‌లో 2016 నుంచి ప్రభుత్వ వైద్యులు చెప్పే హద్దు వారానికి 112 గ్రాములు, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా. అంటే వారం మొత్తానికి రెండు క్వార్టర్లు కూడా కావు, అదీ ఏ జబ్బూ లేనివాళ్లకు, మూడు రోజులకో అంతకంటే ఎక్కువ రోజులకో పంచి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2023 జనవరిలో, ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితమని చెప్పగల మోతాదు లేదని తేల్చేసింది. లివరు గంటకు సుమారు ఒక డ్రింకును మాత్రమే అరిగించగలదు. రాత్రి పదింటికి క్వార్టర్ ముగించినవాడి రక్తంలో తెల్లవారుజామున కూడా మందు ఉంటుంది. చీటీలో ‘బీర్ అయితే పరవాలేదా’ అన్నాయనకు: 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీర్, 8 శాతందైతే, నాలుగు చిన్న పెగ్గులతో సమానం. చల్లగా ఉంటుందంతే.

మాత్రల గురించి రెండు ముక్కలు. రక్తం పలుచబడే ఎసిట్రామ్, వార్ఫరిన్ వాడేవాళ్లకు మందు వల్ల ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పలుచగా ఉందో చెప్పే పరీక్ష లెక్క, ఎక్కడికో పోతుంది. ఒకేసారి ఎక్కువ తాగితే రక్తం మరీ పలుచబడుతుంది, రోజూ తాగితే మాత్ర పనిచేయకుండా పోవచ్చు. షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఖాళీ కడుపున తాగితే షుగర్ పడిపోతుంది. అది చూసి కూడా ‘తాగి వాగుతున్నాడు’ అనుకుంటారు. అన్నిటికంటే చెడ్డ అలవాటు, ఈరోజు తాగుతాం కదా అని ఆ పూట మాత్రలు ఎగ్గొట్టడం. అట్లా చేయొద్దు.

ఇంకో హెచ్చరిక, ఇది తప్పక చెప్పాలి. రోజూ పొద్దున్నే మొదలుపెట్టేవాళ్లు, చెయ్యి వణుకుతుంటే ఒక గుక్క వేస్తేగానీ ఆగనివాళ్లు ఇక్కడ ఒకరిద్దరైనా ఉంటారు. నా మాట విని రేపటి నుంచే బంద్ అని ఇంట్లో కూర్చోకండి. ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతి తప్పడం, గుండె లయ తప్పడం, అన్నీ రావొచ్చు. ఆసుపత్రిలో చేరితే మాత్రలిచ్చి, థయామిన్ అనే బి1 విటమిన్ ఎక్కించి, మెల్లగా మాన్పిస్తారు. అడగడానికి సిగ్గుపడొద్దు.

ఇంక మిగిలిన చీటీలు. ‘కల్లు చెట్టుది కదా, మంచిదే కదా?’ తెల్లారి దించిన కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులిసి ఘాటెక్కుతుంది. ఎంత ఘాటో చెప్పే లేబుల్ ముంతకు ఉండదు. అంతకంటే భయం ఏమిటంటే కల్తీ. కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపి పట్టుబడ్డ కేసులు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. క్లోరల్ హైడ్రేట్ నేరుగా గుండె లయను చెడగొట్టగలదు. మీ చెట్టు కింద మీరే నిలబడి దించుకుంటే తప్ప నమ్మలేం. సారా సంగతి నన్ను అడగనే వద్దు.

‘మా అమ్మకు పేస్‌మేకర్ ఉంది, మందు ముట్టదు, కానీ దశమూలారిష్టం తాగుతుంది, పరవాలేదా?’ మంచి ప్రశ్న అమ్మా, ఎవరు రాశారో. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో 5 నుంచి 12 శాతం దాకా ఆల్కహాల్ పుడుతుంది. రెండు చెంచాల్లో పెద్దగా ఏమీ ఉండదు. అయినా ఎసిట్రామ్ వాడుతుంటే, పంటికో విరేచనాలకో మెట్రోనిడజోల్ రాసి ఉంటే ఈ సీసా సంగతి డాక్టరుకు చెప్పండి. చెప్పకపోతే మేం అడగం, మాకు తట్టదు.

‘రెడ్ వైన్ గుండెకు మంచిదంట’, దీనికి ఒక్క ముక్క. ఆ మాట 1990ల్లో పుట్టి లోకమంతా తిరిగింది. కొంచెం తాగేవాళ్లు బాగుండటానికి కారణం వాళ్ల తిండీ డబ్బూ కావొచ్చు. పోల్చి చూసిన ‘తాగనివాళ్ల’లో జబ్బుపడి మానేసినవాళ్లు కలిసిపోయారు. ఔషధం అన్న పేరుతో ఎవరూ కొత్తగా తాగడం మొదలుపెట్టొద్దు.

చివరి చీటీ. ఆడవాళ్ల చేతిరాతలా ఉంది. ‘మా ఆయన మీ ముందు మానేశానంటాడు, కూల్ డ్రింక్ సీసాలో కలుపుకుని తాగుతాడు. ఆయనకు తెలియకుండా మీకు చెప్పొచ్చా?’ చెప్పొచ్చమ్మా. చెకింగ్ రోజున ఫైలు ఇచ్చేటప్పుడు ఒక చీటీ రాసి సిస్టర్ చేతిలో పెట్టండి. నువ్వు చెప్పావని ఆయన ముందు ఎత్తను. ప్రోగ్రామర్ తెర మీద ఏదైనా ఉంటే అక్కణ్ణుంచి మాట మొదలుపెడతాను. ఏమీ లేకపోతే లివరు, పొటాషియం పరీక్షలు రాస్తాను. మాత్రల డోసు మాత్రం ఆయన తాగుతున్నాడన్న లెక్కతోనే ఇస్తాను. నువ్వు చెప్పకపోతే తప్పు లెక్కతో ఇస్తాను. రేపు చెకింగ్ ఉన్నవాళ్లు మిషన్ కార్డు, వాడుతున్న మాత్రలన్నీ స్ట్రిప్పులతో సహా తెచ్చుకోండి. టిఫిన్ తినే రండి.